చాప కింద చప్పుడు

కరాంగ్ సువుంగ్‌లో ఎవరింట్లో అడుగు పెట్టాలన్నా తల వంచాల్సిందే. మర్యాద అనుకునేరు, మర్యాదా లేదు మన్నూ లేదు. సముద్రం ఏటేటా ఊళ్లోకి జరిగి వస్తుంటే జనం ఇంటి నేల మీద మట్టి పోసి, మట్టి మీద బల్లలు పరిచి, ఆ బల్లల మీద మళ్లీ బల్లలు పరిచి పైకి లేపుకుంటూ పోయారు. నేలనైతే లేపారు గానీ కప్పును ఎవరు లేపుతారు? నిలువెత్తు మనుషులు సొంతింట్లోనే నడుం వంచి తిరుగుతుంటారు. కిటికీలు మోకాళ్ల దగ్గరికి దిగిపోయాయి. బల్లల సందుల్లోంచి చూస్తే కింద నల్లటి నీళ్లు, ఆ నీళ్ల అడుగున ఎప్పుడో మురిపెంగా వేయించుకున్న పూల గచ్చు కనిపిస్తాయి.

ఊరి ఆడవాళ్ల సంఘం సెకార్ బకావ్ కూర్చునేది కస్మిరా ఇంట్లో. సంఘం పెట్టింది ఆవిడే, పోతూ పోతూ ఇల్లు సంఘానికి వదిలిపెట్టిందీ ఆవిడే. సముద్రానికి అడ్డంగా మడ మొక్కలు నాటడం, చేప వడియాలు చేసి అమ్మడం, ఇళ్లలో దెబ్బలు తినే ఆడవాళ్లను తీసుకొచ్చి తన వంటింట్లో పడుకోబెట్టడం, అన్నీ ఈ చాప మీదే మొదలయ్యాయి. కస్మిరాకు చదువు అంతంత మాత్రం. నోరు మాత్రం పదును. కానీ చాప మీద కూర్చుంటే ఆ నోటిని కట్టేసుకునేది. నాయకురాలు ఆఖరున మాట్లాడాలి, అది ఆవిడ పెట్టిన పద్ధతి. మాట గుమ్మం పక్కన కూర్చున్న మనిషితో మొదలై చాప చుట్టూ తిరిగి రావాలి. ఎవరికైనా ఆ క్షణానికి నోరు పెగలకపోతే వేలి కణుపుతో నేల మీద ఒక్కసారి కొడితే చాలు. 'ఉన్నాను, నా దగ్గరికి మళ్లీ రండి' అని దానర్థం. ఆ మనిషి దగ్గరికి తిరిగి వెళ్లకుండా కూటం ముగించడానికి వీల్లేదు.

ఇంకో పద్ధతి కూడా ఉండేది. మాట మొదలయ్యే ముందు కస్మిరా గుమ్మంలో నిలబడి, ఆడవాళ్లను దించిన పడవలన్నింటినీ విప్పించి అవతలి గట్టుకు తరిమేసేది. "ఇంటి కింద పడవ కట్టి ఉంటే ఇంట్లో మాట ఉండదు" అనేది. మగాళ్లు గొణుక్కుంటూనే తెడ్డు వేసుకుని వెళ్లేవాళ్లు.

పోయిన వానాకాలంలో ఆవిడ పోయింది. ఆఖరి కూటంలో అందరి మాటలూ అయి ఆవిడ వంతు వచ్చేసరికి, ఏనాడూ లేనిది, ఆవిడే వేలితో నేల మీద కొట్టింది. ఏం చెప్పాలనుకుందో ఏమో. ఈలోగా మసీదు నుంచి మగ్రిబ్ అజా, సంజె నమాజు పిలుపు, వినపడింది, పోటు నీళ్లు మెట్లెక్కాయి, రేపు చూద్దాంలే అని లేచారు. ఆ రేపు రాలేదు. నిద్రలోనే వెళ్లిపోయింది. ఊరి గోరీల దొడ్డిలోనే పెట్టారు. ఇప్పుడా దొడ్డి కూడా నీళ్లలోనే ఉంది. ఆటు వేళల్లో సమాధి రాళ్లు బయటికి వస్తాయి, పోటుకు మునుగుతాయి. ఊరి కర్రల వంతెన వాటి పైనుంచే పోతుంది.

ఆవిడ తర్వాత అందరూ కలిసి ముస్రిఫాను కూర్చోబెట్టారు. ముస్రిఫా చురుకైన మనిషి. దగ్గరి పట్నం సెమరాంగ్‌లో కాలేజీకి వెళ్లి వచ్చింది, మైకు పట్టుకుంటే తడబడదు. కస్మిరా అంత మనిషిని అనిపించుకోవాలని ఆమెకు లోలోపల ఒకటే ఆరాటం. తప్పు అక్కడే మొదలైంది. కస్మిరాలా వినడం కాకుండా, కస్మిరాలా వినిపించడం గొప్ప అనుకుంది.

ఆ వేసవిలో నగరం నుంచి ప్రసోజో వచ్చాడు. తీరం వెంబడి ఉన్న సంఘాలన్నింటినీ ఒక గొడుగు కిందికి తెచ్చిన మనిషి. మంచివాడే. మర్యాదస్తుడు, వడియాలు పెడితే వద్దనకుండా తింటాడు. సముద్రానికి గోడ, మునిగిన ఇళ్లకు బదులు ఇళ్లు, వీటికోసం ప్రభుత్వంలో పై వాళ్లతో మాట్లాడుతున్నాడు. "దీనికి ఒక ముఖం కావాలి యూ ముస్రిఫా" అన్నాడు, ఊరివాళ్లలాగే అక్కా అనడానికి యూ అంటూ. "వాళ్లకు గుంపు అర్థం కాదు. ఒక మనిషి కనపడాలి, ఒక గొంతు వినపడాలి. ఆ గొంతు మీదే."

ముస్రిఫాకు ఒళ్లు పులకరించిందంటే తప్పేముంది? ఎవరికైనా అంతే.

ప్రసోజోను రోడ్డు దగ్గర్నుంచి తీసుకొచ్చి దించేది జుమాది పడవ. జుమాది అంటే ఊళ్లో అందరికీ ఇష్టం. ముసలమ్మలను చెయ్యి పట్టి దించుతూ "రాణిగారూ, సింహాసనం జాగ్రత్త" అంటాడు. గోడ ఉద్యమానికి మగాళ్లలో ముందు జెండా పట్టింది కూడా అతనే. అతని భార్య కుంతరి సంఘంలో అందరికంటే చిన్నది. మాట తక్కువ, వడియాల పిండి కలపడంలో చెయ్యి మంచిది.

ప్రసోజో వచ్చిన మొదటి కూటం నాడు, మాట మొదలయ్యే ముందు సర్పియా గుమ్మం వైపు తల తిప్పింది. సర్పియా సంఘంలో పెద్ద తలకాయ. ఏడిచేవాళ్లను కూడా నవ్వించే రకం. ఆ మధ్య మెట్ల మీద జారిందట, కాలు ఈడుస్తూ నడుస్తోంది.

"పడవ విప్పించలేదేం నోక్?" అంది ముస్రిఫాతో, చిన్నమ్మాయిని పిలిచినట్టు.

"అతిథి ఉన్నాడు కదా యూ. మధ్యలో బయల్దేరాల్సి వస్తే మళ్లీ పడవ కోసం కేకలు పెట్టాలా? బాగుండదు."

"కస్మిరా బూ అయితే, ఆ తల్లి అతిథిని కూడా పడవలో వేసి పంపేసేది."

అందరూ నవ్వారు. ప్రసోజో కూడా నవ్వాడు. కిటికీ కింద పడవలో కూర్చున్న జుమాది కూడా నవ్వడం వినపడింది. అతని లవంగాల సిగరెట్టు పొగ కిటికీలోంచి లోపలికి వచ్చి చాప మీద తేలుతోంది.

ఆరోజు ముస్రిఫా ముందు మాట్లాడింది. వివరంగా, బాగా మాట్లాడింది. ఆమె అంత బాగా చెప్పాక తక్కినవాళ్లకు చెప్పడానికేం మిగులుతుంది? "అంతే, ముస్రిఫా చెప్పినట్టే" అంటూ మాట చాప చుట్టూ గబగబా పరిగెత్తింది. కుంతరి దగ్గరికి వచ్చేసరికి ఆ పిల్ల కిటికీ వైపు ఒకసారి చూసి, వేలి కణుపుతో నేల మీద కొట్టింది.

టక్.

"సరే నోక్, మళ్లీ వస్తాను" అంది ముస్రిఫా. తర్వాత ప్రసోజో మ్యాపు పరిచాడు, టీ వచ్చింది, పొద్దు వాలింది. ముస్రిఫా మళ్లీ వెళ్లలేదు.

రెండోసారీ అంతే. ఈసారి కుంతరి తలగుడ్డను నుదుటి మీదికి లాక్కుని, చెంపలు కూడా కప్పుకుని కూర్చుంది. ఆ ఉక్కలో అలా ఎందుకు కప్పుకుందా అని ముస్రిఫా మనసులో ఒక్క క్షణం ఏదో కదిలింది. కిటికీ కింద పడవ గుంజకు తగులుతూ ఊగుతోంది. కుంతరి నేల మీద కొట్టింది. ముస్రిఫా ఆమె వైపు చూసి కళ్లతోనే, ఉండు, వస్తా అంది. అప్పుడే ప్రసోజో ఫోను మోగింది. పై ఆఫీసు వాళ్లు ఊరు చూడ్డానికి ఒప్పుకున్నారట. అందరూ చప్పట్లు కొట్టారు. కుంతరి కూడా కొట్టింది, కానీ ఆ అరచేతుల్లోంచి చప్పుడు రాలేదు.

తర్వాతి కూటానికి కుంతరి రాలేదు.

"సెమరాంగ్ వెళ్లింది యూ" అన్నాడు జుమాది, ముస్రిఫాను పడవలోంచి దించుతూ. "బట్టల ఫ్యాక్టరీలో పని దొరికింది. నన్ను వదిలేసి పట్నం దొరసాని అయిపోయింది మా ఆవిడ. ఇప్పుడు నా అన్నం నేనే వండుకుంటున్నా. జాలిపడండి కాస్త."

"చెప్పనైనా చెప్పలేదే" అంది ముస్రిఫా.

"అది నాకే చెప్పదు, మీకేం చెప్తుంది!"

నవ్వుకుంటూ లోపలికి వచ్చి కూర్చున్నారు. ఎవరికి వాళ్లు అలవాటు చొప్పున కూర్చోవడంతో కుంతరి చోటు ఖాళీగా మిగిలింది. ఆ ఖాళీ వరకూ మాట వచ్చి, దాన్ని దాటి పక్క మనిషి దగ్గరికి పోబోతుండగా చప్పుడైంది.

టక్.

ఎవరి చెయ్యీ కదల్లేదు. చప్పుడు చాప మీద కాదు, చాప కింద అయింది. బల్లల కింద, సరిగ్గా ఆ ఖాళీ చోటు కింద.

గుమ్మం పక్కనున్న తర్మి, ఎప్పుడూ ఏదో ఒకటి నములుతుండే తర్మి, నమలడం ఆపింది.

"పడవ" అంది ముస్రిఫా. "పడవ గుంజకు గుద్దుకుంటోంది."

"పడవ కిటికీ దగ్గరుంది" అంది సర్పియా. "ఆ చోటు దగ్గర గుంజే లేదు."

"ఏ దుంగో కొట్టుకొచ్చి ఉంటుంది యూ. పోటు వేళ కదా."

దుంగే అయి ఉంటుందని అందరూ ఒప్పుకున్నారు. ఒప్పుకోకపోతే ఏం చేస్తారు? కానీ ఆరోజు టీ ఎవరూ పూర్తిగా తాగలేదు. వెళ్లేటప్పుడు ఆ ఖాళీ చోటును తొక్కకుండా చుట్టూ తిరిగి వెళ్లారు.

మర్నాడు పొద్దున ముస్రిఫా ఒక్కతే వచ్చింది. ఆటు వేళ. నీళ్లు వెనక్కి పోయి ఇంటి కింద బురద తేలింది. పడవ లేదు, కెరటం లేదు. మెట్లు దిగి, వంగి ఇంటి కిందికి తొంగి చూసింది. దుంగ లేదు, కొమ్మ లేదు. బురదలోంచి పాత గచ్చు పూలు మాత్రం తెల్లగా కనపడుతున్నాయి. అమ్మయ్య అనుకుని పైకి వచ్చి, చాప దులిపి, కుంతరి చోటు దగ్గర కూర్చుంది. ఎందుకు కూర్చుందో ఆమెకే తెలీదు.

టక్.

ఆమె కింద, అంటే ఒంటికి తగిలేలా. బల్ల కాస్త అదిరింది కూడా. ఒకసారి కొట్టి ఆగింది. ఎవరో చెయ్యెత్తి కూర్చుని ఆమె ఏమంటుందా అని చూస్తున్నట్టుగా ఉంది ఆ ఆగడం. చీపురు అక్కడే పడేసి, కప్పుకు తల కొట్టుకుని, చెప్పులు కూడా వేసుకోకుండా వంతెన మీదికి వచ్చి పడింది.

సర్పియా తన మెట్ల మీద కూర్చుని ఆల్చిప్పలు విప్పుతోంది. ముస్రిఫా మొహం చూసి చేతిలో ఇనుప చువ్వ పక్కన పెట్టింది.

"వినపడిందా?"

"నీకెలా తెలుసు యూ?"

"నీ మొహం చెప్తోంది. కస్మిరా బూ వంతు మిగిలిపోయింది కదే. నాయకురాలివి అయ్యాక ఒక్కసారైనా అడిగావా?"

"చనిపోయిన మనిషిని ఏమని అడగను?"

"బతికినవాళ్లనే అడగడం మానేశావు, ఇంక చనిపోయినవాళ్లనేం అడుగుతావులే." అనేసి, ముస్రిఫా కళ్లల్లో నీళ్లు తిరగడం చూసి మాట మార్చింది. "పో, మొహం కడుక్కో. నీ ముఖం బ్యానరు మీద వేస్తున్నారట, కాస్త కళగా ఉండాలి."

బ్యానరు నిజంగానే వచ్చింది. నాలుగో కూటం నాడు ప్రసోజో దాన్ని గోడకు కట్టించాడు. తీరపు ఆడవాళ్ల గొంతు అని రాసి, ముస్రిఫా మొహం పెద్దగా వేశారు. కప్పు ఎత్తు చాలక ఆ మొహం నుదురు దగ్గర మడత పడింది. పై ఆఫీసు నుంచి ఇద్దరు పెద్దమనుషులు వచ్చి, వంగి లోపలికి దూరి, కూర్చోవడానికి చాప తప్ప ఏమీ లేదని తెలిసి బిక్కమొహం వేశారు. సాయంత్రం అయింది. పోటు మొదలైంది. జుమాది పడవ కిటికీ కింద కట్టి ఉంది. అతను లోపలికి వినపడేలా ఏదో పాట ఈల వేస్తున్నాడు.

ముస్రిఫా మాట మొదలుపెట్టింది. "ఈ తీరపు ఆడవాళ్లందరి తరఫునా..."

టక్.

ఆగింది. గొంతు సవరించుకుంది. "ఈ తీరపు ఆడవాళ్లందరి..."

టక్.

పెద్దమనుషుల్లో ఒకాయన కిందికి చూశాడు. ప్రసోజో నవ్వుతూ "పాత ఇళ్లు సార్, నీళ్లు తగులుతుంటాయి" అన్నాడు. ముస్రిఫా చుట్టూ చూసింది. ఆడవాళ్లెవరూ అతిథుల వైపు చూడ్డం లేదు, ఆమె వైపూ చూడ్డం లేదు. ఆ ఖాళీ చోటు వైపే చూస్తున్నారు. అందరి తరఫునా అంటోంది తను. ఆ అందరిలో ఒక మనిషి రెండుసార్లు నేల కొట్టి అడిగింది. తను రెండుసార్లూ మళ్లీ వస్తానంది. ఆ పిల్ల ఏం చెప్పబోయిందో ఇప్పటికీ తనకు తెలీదు. సిగ్గుతో ఆమె చెవులు కాలిపోయాయి.

"మాస్ ప్రసోజో, అన్నా" అంది మెల్లగా. "అతిథుల్ని తీసుకుని రోడ్డు దగ్గరికి వెళ్లండి. జుమాది పడవలోనే వెళ్లండి. మాకు మాట్లాడుకోవాల్సింది ఉంది."

"ఇప్పుడా?" ప్రసోజో మొహం మాడిపోయింది. "యూ, వీళ్లు మళ్లీ రారు. ఎన్నాళ్లు తిరిగితే ఈరోజు వచ్చారో మీకు తెలుసు. ఏ సంగతైనా వీళ్లు వెళ్లాక మాట్లాడుకోవచ్చుగా."

"వాళ్లు వెళ్లాకే మాట్లాడతాం. అందుకే వెళ్లమంటున్నా."

"అతిథుల ముందు ఇలా చేస్తే మన మాటకు విలువేముంటుంది?"

"ఈ చాప మీదే మన మాటకు విలువ లేకుండా పోయింది, ముందు దాని సంగతి చూడనివ్వండి."

కిటికీ కింద ఈల ఆగింది. "ఏంటి యూ, నన్ను తోలేస్తున్నారా? పాత రోజులు తెస్తున్నారే!" అన్నాడు జుమాది నవ్వుతూ. ముస్రిఫా గుమ్మంలోకి వచ్చి నిలబడింది, కస్మిరా నిలబడే చోటనే. "అతిథుల్ని రోడ్డు దాకా దించు" అంది. "వాళ్ల బండి వచ్చేదాకా అక్కడే తోడుండు." జుమాది ఆమె మొహంలోకి ఒక నిమిషం చూశాడు. నవ్వు పెదాల మీద ఉంది గానీ కళ్లల్లో లేదు. పెద్దమనుషులు అప్పటికే చెప్పులు వెతుక్కుంటున్నారు, కాదనడానికి అతనికి వీల్లేకపోయింది. తెడ్డు చప్పుడు దూరమయ్యేదాకా ముస్రిఫా గుమ్మంలోనే ఉంది. తర్వాత లోపలికి వచ్చి, కూర్చునే ముందు బ్యానరు పీకి, చుట్టి, మూల పెట్టింది.

"కుంతరి వంతు" అంది. "ఎవరికేం తెలిస్తే అది చెప్పండి. నేను ఆఖరున మాట్లాడతాను."

గుమ్మం పక్కనున్న తర్మితో మాట మొదలైంది. కొట్లో జుమాది ఇద్దరికి సరిపడా అన్నం పొట్లాలు కొంటున్నాడని, ఒక్కడివి ఇంత తింటావా అంటే కసురుకున్నాడని తర్మి చెప్పింది. ఆ పక్కనున్నామె వాళ్ల తలుపుకు బయటి వైపు కొత్త తాళం చూసింది. ఇంకొకామెకు సెమరాంగ్‌లో ఉన్న కుంతరి అక్క ఫోను చేసింది, చెల్లెలు ఫోను ఎత్తడం లేదేమని అడిగింది. చెల్లెలు ఆ ఊళ్లోనే ఉంటే అక్కకు తెలీదా? మరొకామె చాలాసేపు చేతులు నలుపుకుని, సంజె వేళ సముద్రం వైపు ఇళ్లల్లోంచి మూలుగు విన్నానని, సంజెలో వినపడేవాటికి పలకకూడదని ఖురాను ఆయతు చదువుకుని తలుపేసుకున్నానని చెప్పి ఏడ్చింది. ఎవరి దగ్గర ముక్క వాళ్ల దగ్గరుంది. ఇన్నాళ్లూ ఎవరినీ ఎవరూ అడగలేదు, కిటికీ కింద పడవ ఉండగా ఎవరూ చెప్పలేదు.

మాట ముస్రిఫా దగ్గరికి వచ్చింది. చెప్పడానికి ఆమెకు ఒక్కటే మిగిలింది.

"లేవండి" అంది.

జుమాది ఇల్లు ఊరి చివర, సముద్రం వైపు. అటు పక్క ఇళ్లన్నీ జనం వదిలేసి వెళ్లినవే. తలుపులు లేని గుమ్మాల్లోంచి నీళ్లు వచ్చిపోతుంటాయి. ఆడవాళ్లు ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని వంతెన మీద వరసగా నడిచారు. మగ్రిబ్ అజా అయిపోయింది, పిల్లల్ని లోపలికి పిలిచి తలుపులేసే వేళ. ఆకాశం పసుపు రంగు తిరిగింది. కింద సమాధి రాళ్లు ఒక్కొక్కటే మునుగుతున్నాయి.

టక్.

చప్పుడు కర్రల కింద, వాళ్లకు కాస్త ముందు అయింది. మరి కొంచెం నడిచారు. మళ్లీ టక్ మంది, మళ్లీ కాస్త ముందు. తర్మి పళ్లు టకటకలాడాయి. "బూ, వస్తున్నాం, వస్తున్నాం" అంది సర్పియా కాలీడుస్తూ. ముస్రిఫా చెయ్యి వదల్లేదు, అడుగు ఆపలేదు. వంతెన తెగిపోయిన చోట నడుముల్లోతు నీళ్లల్లోకి దిగారు.

తాళం నిజంగానే బయట ఉంది. సర్పియా కొంగులోంచి ఆల్చిప్పలు విప్పే చువ్వ తీసి, గొళ్లెం సందులో పెట్టి, కసిగా మెలేసింది. చెక్క చీలింది.

లోపల నీళ్లు బల్లల మీదికి ఎక్కాయి. కుంతరి గోడకున్న ఎత్తు బల్ల మీద ముడుచుకుని కూర్చుంది, తల కప్పుకు ఆనుకుని ఉంది. దవడ వాచి నోరు వంకరపోయింది. ఒక చెయ్యి తలగుడ్డతో మెడకు కట్టుకుంది. ఇంకో చేతి వేళ్లు ఉబ్బి నల్లబడ్డాయి, ముడవడానికి కూడా రావు. తలుపు తెరుచుకుంటే జుమాది అనుకుందో ఏమో, మొహం గోడకు తిప్పుకుంది.

"నోక్" అంది ముస్రిఫా. "నేను. అందరం వచ్చాం."

కుంతరి తిరిగి చూసింది. చాలాసేపు చూసింది. తర్మి ఆమె కాళ్లు తుడుస్తుంటే, సర్పియా నీళ్లు తాగిస్తుంటే, ముస్రిఫా ఆ ఉబ్బిన వేళ్లు తన చేతిలోకి తీసుకుంది. "ఈ వేళ్లతో ఎలా కొట్టావే పిచ్చిదానా" అంది ఏడుస్తూ. "చాప కింద నీ చప్పుడు మేం విన్నాం. విని కూడా దుంగ అనుకున్నాం. నన్ను క్షమించు."

కుంతరి తల అడ్డంగా ఊపింది. దవడ కదపలేక ముక్కలు ముక్కలుగా పలికింది. "నేను కొట్టలేదు యూ. చెయ్యి రాదుగా." ఉబ్బిన వేలు ఎత్తి నీళ్ల కిందున్న నేల చూపించింది. "రోజూ కింద నుంచి కొట్టారు. ఒకసారి కొట్టి ఆగేవాళ్లు. నేను ఇంకా చావలేదంటే అందుకే. మీరే కొడుతున్నారనుకున్నా. ఉన్నాం, వస్తాం అని."

నీళ్లు గోడకు తగులుతున్న చప్పుడు తప్ప ఏమీ లేదు.

జుమాది పడవ తిరిగి వచ్చేసరికి వంతెన పొడవునా ఆడవాళ్లు నిలబడి ఉన్నారు. ఎవరూ తిట్టలేదు, ఎవరూ కేక పెట్టలేదు. పడవ కట్టడానికి ఒక్క గుంజ దగ్గర కూడా చోటివ్వలేదు, అంతే. పోలీసులు రోడ్డు మీదికి వచ్చేదాకా అతను నీళ్ల మధ్యలోనే తిరుగుతూ ఉన్నాడు. మొదట నవ్వుతూ పిలిచాడు, తర్వాత తిట్టాడు, ఆఖరికి ఊరుకున్నాడు. కుంతరిని ఆస్పత్రికి ప్రసోజో తన బండిలో తీసుకెళ్లాడు. దిగేటప్పుడు "ఆ పడవలో నేనెన్నిసార్లు ఎక్కానో" అన్నాడని తోడు వెళ్లిన తర్మి చెప్పింది. పై ఆఫీసు వాళ్లు మళ్లీ రాలేదు. గోడ సంగతి ఎటూ తేలలేదు. అది చిన్న నష్టమని ఎవరూ అనలేదు, ముస్రిఫా అసలే అనలేదు.

కుంతరి చెయ్యి కట్టు విప్పాక కూటం పెట్టుకున్నారు. పడవలన్నీ అవతలి గట్టుకు వెళ్లాయి. మాట గుమ్మం దగ్గర మొదలైంది. కుంతరి వంతు వచ్చినప్పుడు ఆమె నేల కొట్టలేదు. మెల్లగా, మధ్యమధ్య దవడ పట్టుకుని, పెళ్లయిన నాటి నుంచీ అంతా చెప్పింది. టీ చల్లారిపోయినా ఎవరూ ఆమెను తొందరపెట్టలేదు. సర్పియా వంతు వచ్చింది. "నాకేముంది, నా ఒంట్లో నొప్పి లేని చోటు చూపిస్తే బహుమానం ఇస్తా. మళ్లీ జారాను, ఈసారి మోచెయ్యి" అని అందరినీ నవ్వించింది. ఆఖరున ముస్రిఫా వంతు వచ్చింది.

"నా మాట తర్వాత" అంది. "ఇంకో మనిషి వంతు పోయిన వానాకాలం నుంచీ మిగిలి ఉంది. కస్మిరా బూ, మేం మళ్లీ వచ్చాం. చెప్పు."

ఎదురుచూస్తూ కూర్చున్నారు. ఆటు వేళ. ఇంటి కింద నీటి చుక్క లేదు. వినపడుతుందేమోనని భయం, వినపడదేమోనని దిగులు, రెండూ ముస్రిఫాకు ఒక్కసారే కలిగాయి. ఎంతకీ ఏమీ కాకపోయేసరికి సర్పియా వడియం ఒకటి అందుకుంది. "ఆవిడ చెప్పాల్సింది అయిపోయిందే. పిల్ల దొరికిందిగా. ఇంక లేవండి, నా కొడుకు ఇంటికి వచ్చేసరికి నేను లేకపోతే..."

టక్.

చప్పుడు కుంతరి చోటు కింద కాలేదు. కస్మిరా కూర్చునే చోటు కిందా కాలేదు. సర్పియా కింద అయింది.

సర్పియా చేతిలో వడియం అలాగే ఉండిపోయింది. నోటిదాకా వచ్చిన హాస్యం ఏదో అక్కడే ఆగిపోయింది. ఎప్పుడూ నవ్వుతుండే ఆ మొహం నవ్వు లేకుండా ఎలా ఉంటుందో వాళ్లంతా మొదటిసారి చూశారు. ఎంత ముసలిదైపోయిందో చూశారు.

ముస్రిఫా లేవలేదు. టీ గ్లాసు కింద పెట్టి, చాప మీద జరిగి, సర్పియా ఎదురుగా కూర్చుంది.

"పడవలు లేవు యూ" అంది. "తొందరేం లేదు."

సర్పియా వడియాన్ని పళ్లెంలో జాగ్రత్తగా తిరిగి పెట్టింది. మోచేతి మీదికి కొంగు లాక్కుంది.

"నేను మెట్ల మీంచి జారలేదు" అంది.